భద్రాచలం రోడ్డు స్టేషనూ, చింతూరు బస్సూ

భద్రాచలం రోడ్డు స్టేషను భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. అక్కడ రైలు దిగి, నలభై కిలోమీటర్లు బస్సులో వెళ్లి గోదావరి దాటితేగాని రాములవారి గుడి కనపడదు. ఆపైన చర్లకైనా, వెంకటాపురానికైనా, చింతూరు మీదుగా కుంటకైనా మళ్లీ బస్సే దిక్కు. ఈ భూగోళం ఎందుకు చెప్పాల్సొచ్చిందంటే, దాడిలో గాయపడ్డ ప్రయాణికుడికి పరిహారం ఇవ్వడంలో మన చట్టం రైలును ఒకలా, బస్సును ఇంకోలా చూసింది.

మొదట్లో రెండూ ఒకటే. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద చనిపోయినవాడి కుటుంబం, మామూలు దావాలో గాయపడ్డవాడు, కోర్టు ఫీజు కట్టి ఎదుటివాడి తప్పు రుజువు చేయాలి. 1956లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి క్లెయిముల ట్రిబ్యునళ్లు తెచ్చాక బస్సు ప్రయాణికుడికి కొంత ఊరట దక్కింది. 1982లో తప్పుతో నిమిత్తం లేని పరిహారం వచ్చింది: మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు. అయితే ఇవన్నీ ‘ప్రమాదం’ అనే మాట చుట్టూ అల్లినవి. బస్సుకు నిప్పు పెట్టడం, దారిలో మందుపాతర పేల్చడం ప్రమాదమా? పెట్టినవాడి మీద దావా వేద్దామంటే సమన్లు ఏ అడవికి పంపాలి?

1990 అక్టోబరు 10న హైదరాబాదు దగ్గర చర్లపల్లిలో నక్సలైట్లు కాకతీయ రైలుకు నిప్పు పెట్టారు. 40 మందికి పైగా కాలిపోయారు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీకి ఎక్కినవాళ్లు ఆర్టీసీ బస్సును తగలబెడితే 23 మంది బలయ్యారు. ఒకటి రైలు, ఒకటి బస్సు. చట్టంలో దారులు చీలింది ఆ తరవాతే.

1994 ఆగస్టు 1 నుంచి రైల్వే చట్టంలో 124-ఎ సెక్షను అమల్లోకి వచ్చింది. ఉగ్రవాద చర్య, దోపిడీ, అల్లర్లు, కాల్పులు, నిప్పు పెట్టడం లాంటి నేరాలు రైల్లో జరిగినా, ప్లాట్‌ఫారం మీద జరిగినా రైల్వే తప్పుందా లేదా అని చూడకుండా పరిహారం ఇవ్వాలి. మరణానికి 4 లక్షలుండేది, 2017 జనవరి 1 నుంచి 8 లక్షలు. దరఖాస్తు రైల్వే క్లెయిముల ట్రిబ్యునల్‌కు, ఏడాదిలోపు. చర్లపల్లి రోజున ఈ సెక్షను లేదు.

బస్సు ప్రయాణికుడికి అలాంటి సెక్షను ఇప్పటికీ లేదు. సుప్రీంకోర్టే ‘ప్రమాదం’ అనే మాటను సాగదీసింది. అస్సాం రవాణా సంస్థ బస్సులో బాంబు పేలి గాయపడ్డ ప్రయాణికుడికి 1998లో సమీర్ చందా కేసులో పరిహారం ఇప్పించింది. 2000లో రీటాదేవి కేసులో ఇంకో గీత గీసింది: ఫలానా మనిషిని చంపడమే ఉద్దేశమైతే అది హత్య, ఆటో ఎత్తుకుపోవడం ఉద్దేశమై మధ్యలో డ్రైవరు చనిపోతే, అది వాహన వాడకం వల్ల వచ్చిన ప్రమాదమే. తెలివైన గీతే. కానీ బస్సులో గాయపడ్డ కూలీ తనకు బాంబు పెట్టినవాడి మనసులో ఏముందో వాదించుకోవాల్సి రావడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ప్రభుత్వం మీద దావా మాటేమిటి? 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలు మీద బాంబులు వేస్తే ఒక ఖైదీ చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. ముప్పు ఉందని ముందే చెప్పినా కాపలా పెంచలేదు. సార్వభౌమాధికారం అన్న సాకు చెల్లదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. 2010 మే 17న దంతేవాడ, సుక్మాల మధ్య చింగవరం దగ్గర మావోయిస్టులు పేల్చిన బస్సులో మామూలు జనంతో పాటు ప్రత్యేక పోలీసు అధికారులూ ఉన్నారు. 30 మందికి పైగా పోయారు. జనం బస్సును భద్రతా సిబ్బంది వాహనంగా వాడడం నిర్లక్ష్యం కాదా అని అడగడానికి కోయిలకుంట్ల తీర్పు ఆధారమవుతుందని నా అభిప్రాయం.

వీటికి పక్కన ఇలాంటి దాడుల బాధితులకు కేంద్ర సహాయ పథకం ఉంది. 2008లో 3 లక్షలతో మొదలై 2016లో 5 లక్షలైంది. మరణానికో శాశ్వత వైకల్యానికో మాత్రమే అందుతుంది. కాలు విరిగి ఆరు నెలలు మంచాన పడ్డవాడికి కాదు.

2014లో చింతూరు, కూనవరం మండలాలు ఆంధ్రకు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. కుంట ఛత్తీస్‌గఢ్‌లో. ఒకే బస్సు మూడు రాష్ట్రాలు తిరుగుతుంది. అదృష్టవశాత్తు 1994 సవరణ నుంచి ఘటన జరిగిన చోటే కాక, బాధితుడు తానుండే చోటి ట్రిబ్యునల్‌లోనూ క్లెయిము వేయవచ్చు. చింతూరు మనిషి జగదల్‌పూర్ పోనక్కర్లేదు. గడువు మాత్రం 2022 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ ఆరు నెలలే. అందుకే టికెట్టు, ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి గాయాల సర్టిఫికెట్టు ముందు దాచుకోండి, ప్లీడరును తరవాత వెతుక్కోవచ్చు.