కాక్‌పిట్‌లో ఆరు నిమిషాలు

విమాన ప్రమాదం అనగానే ఇంజను చెడిపోయిందనుకుంటాం. కానీ చిన్న లోపమొకటి మనిషి దృష్టినంతా లాగేసుకున్నా విమానం కూలుతుంది.

1972 డిసెంబరు 29 రాత్రి మయామి సమీపంలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401వ విమానంలో ముందు చక్రాన్ని సూచించే దీపం వెలగలేదు. బల్బు మాడిపోయింది, అంతే! సిబ్బంది ధ్యాసంతా దానిమీదే. ఆటోపైలట్ ఎత్తును నిలపడం మానేసిందని ఎవరూ గమనించలేదు. విమానం మెల్లగా దిగుతూ చిత్తడి నేలలో కూలింది. 101 మంది మరణించారు. 1978లో పోర్ట్‌లాండ్ వద్ద పైలట్లు చక్రాల సమస్య చూస్తుండగానే మరో విమానంలో ఇంధనం అయిపోయింది. మరుసటి ఏడు నాసా జరిపిన సదస్సుతో ‘కాక్‌పిట్ రిసోర్స్ మేనేజ్‌మెంట్’ అనే శిక్షణకు బీజం పడింది. ఒకరు లోపం సంగతి చూస్తుంటే మరొకరు విమానం నడపడం మీదే ఉండాలి. ప్రమాదం కనిపిస్తే కో-పైలట్ కెప్టెన్‌కైనా గట్టిగా చెప్పాలి.

ఇక మన నల్లమల సంగతి. 2009 సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్‌లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థ లోపం కనిపించింది. సంబంధిత చెక్‌లిస్టు వెతకడంలోనే సిబ్బందికి ఆరు నిమిషాలకు పైగా గడిచాయని విచారణ సంఘం తేల్చింది. ఎదుట ఉరుముల మేఘాలు. వాటిలో కిందికి తోసే తీవ్రమైన గాలికి హెలికాప్టర్ అదుపు తప్పింది. ‘పైలట్ తప్పిదం’ అని ముద్ర వేయడం తేలికే. ఆ పుట అంతసేపు ఎందుకు దొరకలేదన్నదే అసలు ప్రశ్న. మరునాడు పావురాలగుట్టపై శకలాలు కనిపించాయి. అందులో ఉన్న అయిదుగురిలో ఎవరూ బతకలేదు.