నామము : ఒక శబ్దార్థ విచారము

సంస్కృతమున నామ శబ్దమునకు పేరని యర్థము. తెలుగున నా యర్థముతోపాటు, శ్రీవైష్ణవులు నొసట దిద్దుకొను ఊర్ధ్వపుండ్రమును గూడ నామమనియే వ్యవహరించుచున్నాము. పేరునకును గీతకును గల సంబంధమెట్టిది? ఆచారమును పరిశీలించినచో సమాధానము దొరకునని మా యభిప్రాయము.

శ్రీవైష్ణవుడు స్నానానంతరము తిరుమణి యను తెల్లమట్టిని అరచేత నీటితో రంగరించి, దేహమున పండ్రెండు తావుల పుండ్రములు ధరించును. నొసట కేశవుని, ఉదరమున నారాయణుని, వక్షమున మాధవుని, కంఠమున గోవిందుని స్మరించుచు, ఇట్లే దామోదరుని వరకు ద్వాదశనామములు పలుకుచు దిద్దుకొనవలెను. వ్రేలు గీయుచుండగా నోరు పేరు పలుకును. ఆ పలికిన పేరే గీసిన గుర్తునకు పేరైనదని మేము తలంచుచున్నాము.

తెల్లగీతలు విష్ణుపాదములు, నడిమి తిరుచూర్ణరేఖ లక్ష్మి. పసుపునకు సున్నము చేర్చినచో ఎరుపెక్కుట మన గృహిణులెరిగినదే; తిరుచూర్ణమునకు నదియే మూలము. వడగలైవారి పుండ్రము కనుబొమల నడుమ ముగియును; తెంగలైవారిది ముక్కుపైకి పాదముగా దిగును. ఈ భేదమునుగూర్చి కాంచీపుర వరదరాజస్వామి యాలయమున చెలరేగిన వివాదములు న్యాయస్థానములకెక్కినవి. వాని నిచ్చట విస్తరింపము.

తిరుమల శ్రీవారికి శుక్రవారాభిషేకానంతరము పచ్చకర్పూరముతో నామము దిద్దుదురు. గురువారమున దానిని తగ్గింపగా నేత్రదర్శనము లభించును. ఆ స్వామిని తెలుగువారు మూడునామాలవాడందురు. ఈ లెక్క గమనింపదగినది. ద్వాదశనామములలో నొక్కొక్క నామము సంపూర్ణమైన పుండ్రము. మూడునామాలన్నచో నొక్కొక్క గీతయే నామము. పేరు పుండ్రమై, పుండ్రము గీతయైనది.

ఇక పంగనామము. పంగ యనగా కొమ్మ చీలిన చోటు. పంగలకర్ర యందలి పంగయు నిదియే. చీలినట్లు కనబడు నామము పంగనామము. అప్పు ఎగవేసినవాడు పంగనామము పెట్టెననుట యెల్లరెరిగినదే. తెలుగునాటి శైవవైష్ణవ కలహములే యీ నిందార్థమునకు మూలమని యూహించుట సులభము. కాని తమిళ కన్నడములందును నామము పెట్టుట యనగా వంచించుటయే! కావున తెలుగునాటి కలహములు మాత్రమే కారణమనుట చాలదు.

మాకు తోచిన మార్గము వేరు. భక్తుడు నామము పెట్టుకొనును. వంచకుడు పరునకు పెట్టును. ఆత్మార్థకమగు 'కొను' తొలగినంతనే యర్థము తలక్రిందులైనది. తానై పెట్టుకొనువాడు అద్దమున చూచుకొనును. పరుడు పెట్టిన నామము లోకమునకు కనబడునేకాని, నొసలుగలవానికి కనబడదు. అప్పిచ్చి మోసపోయినవాని స్థితియు నట్టిదే. ఊరెల్ల నెరిగిన పిదప గాని యతడెరుగడు.