గర్భిణుల పాండురోగము - ఫోలిక్ ఆమ్లము

అంగళ్లు మొదలుకొని పుంగనూరు, కుప్పము వరకు ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమునందైనను గర్భిణులకు ఇచ్చు మాత్రలలో రెండు పదార్థములు ఉండును. ఒకటి ఇనుము. రెండవది ఫోలిక్ ఆమ్లము. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వారమునకొకటి చొప్పున ఇచ్చు నీలిరంగు మాత్రలోను ఈ రెండే కలవు. ఇనుము సంగతి మానవుడు చాలకాలముగా ఎరుగును. రెండవ పదార్థము మాత్రము ఇరువదవ శతాబ్దమున, మూడు దేశముల శాస్త్రజ్ఞుల కృషి ఫలితముగా లభించినది. వారిలో ఒకరు తెలుగువారు.

1920 ప్రాంతమున భారతదేశపు నగరములలో గర్భిణులు అనేకులు తీవ్రమైన పాండురోగమునకు గురియగుచుండిరి. ముఖము పాలిపోవును, కాళ్లు వాచును, నాలుగడుగులు వేసిన ఆయాసము వచ్చును. పెక్కుమంది కాన్పుకు ముందో వెనుకనో మరణించుచుండిరి. సూక్ష్మదర్శినిలో చూచినచో వారి రక్తమున ఎర్రకణములు తక్కువగా నుండుటయే గాక, ఉన్నవి అసాధారణముగా పెద్దవై కనబడెను.

ప్రసూతి మరణములను గూర్చి విచారణ జరుపుచుండిన డాక్టరు మార్గరెట్ బాల్ఫర్ కోరికపై, 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని హాఫ్‌కిన్ పరిశోధనాలయమునకు వచ్చెను. మానెక్ మెహతా, శకుంతలా తల్పడే అను భారతీయ వైద్యురాండ్రు ఆమెతో కలిసి పనిచేసిరి. వారు ఆసుపత్రిలో రక్తపరీక్షలతో ఆగక, బొంబాయి స్త్రీలు ఏమి తినుచున్నారో, ఎట్టి ఇండ్లలో నివసించుచున్నారో విచారించిరి. వ్యాధి పేదవారిలో అధికము. వారి భోజనమున పండ్లు, కూరగాయలు, పాలు, మాంసము మిక్కిలి స్వల్పము. విల్స్ కొంతకాలము కూనూరులోని ప్రయోగశాలయందును, 1931లో మదరాసులోని కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రియందును పనిచేసెను. చిత్తూరు జిల్లా అప్పుడు మదరాసు రాజధానిలోనిదే.

ఎ, సి విటమినుల లోపమే కారణమేమోనని ఆమె మొదట ఊహించెను. ఆ ఊహ నిలువలేదు. తరువాత కోతులకు పేదల భోజనమును పోలిన ఆహారము పెట్టగా వాటికి రక్తహీనత కలిగెను. మార్మైటు అను ఈస్టు సారమును ఇవ్వగా అవి కోలుకొనెను. మార్మైటు ఇంగ్లండులో రొట్టెపై పూసుకొని తిను చౌకవస్తువు. దానిని గర్భిణులకు ఇవ్వగా వారును కోలుకొనిరి. 1931లో ఈ ఫలితములు ప్రకటింపబడెను. అయితే ఈస్టులో రోగమును మాన్పినదేది? అంతకుముందే మరియొక రకపు పాండురోగమును మాన్పుచుండిన శుద్ధిచేసిన కాలేయ సారము ఈ రోగుల యెడల పనిచేయకపోయెను. శుద్ధిచేయని సారము మాత్రము పనిచేసెను. కావున ఇది వేరొక పదార్థమని తేలినది. దానికి 'విల్స్ కారకము' అని పేరు వచ్చెను.

1941లో అమెరికాలోని టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి అత్యల్ప పరిమాణమున ఒక ఆమ్లమును వేరుచేసిరి. ఆకు అను అర్థము గల లాటిను పదమునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. కాని అంతటి ఆకునుండి అంత కొంచెము లభించినచో రోగులకు ఎట్లు అందును?

ఈ చిక్కును విడదీసినది న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరులోని లెడర్లీ ప్రయోగశాల. దాని పరిశోధనలకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు యౌవనముననే స్ప్రూ అను గ్రహణి వ్యాధిచే కొద్దిరోజుల వ్యవధిలో మరణించిరి. ఫోలిక్ ఆమ్లము పేగులలో ఇంకకపోవుట ఆ వ్యాధి లక్షణములలో ఒకటి. ఆయన బృందము ఆ పదార్థమును కాలేయమునుండి స్ఫటికరూపమున తీసి, 1945లో కృత్రిమముగా తయారుచేసెను. అదే సంవత్సరము టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని అమెరికాలోని రోగులకు ఇచ్చి గుణము కనుగొనెను. విల్స్ వెదకిన పదార్థము దొరికినది. సుబ్బారావు 1948లో మరణించెను.

ఇది పనిచేయు విధము సులభముగా తెలియును. కణము రెండుగా చీలవలెనన్న ముందు దాని డి.ఎన్.ఎ. రెట్టింపు కావలెను. అందుకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అది లేనిచో ఎముకల మూలుగలోని కణములు పెరుగునే గాని చీలవు. అందుచేతనే రక్తకణములు తక్కువై, పెద్దవై కనబడును. గర్భమున శిశువు పెరుగునపుడు కణవిభజన ముమ్మరముగా సాగుటచే తల్లికి దీని అవసరము హెచ్చును.

1991లో ఏడు దేశములలోని 33 కేంద్రములు కలిసి జరిపిన పరిశోధన మరియొక సత్యమును చూపెను. వెన్నెముక, మెదడు లోపములతో పూర్వము ఒక బిడ్డను కనిన స్త్రీలు గర్భధారణకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము తీసుకొనినచో, ఆ లోపము మరల కలుగుట 72 శాతము తగ్గెను. శిశువు నాడీనాళము నాలుగు వారములలోనే మూసుకొనును. తాను గర్భవతినని అప్పటికి పెక్కుమంది స్త్రీలకు తెలియనే తెలియదు.

విల్స్ పనిచేసిన కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. కాని సమస్య తీరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో 52 శాతము మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఇనుము లోపము ఇందులకు ముఖ్య కారణము. ఆకుకూరలు, పప్పులు తినుట ఎంత అవసరమో, ఇచ్చిన మాత్రను మ్రింగుట అంతే అవసరము. ఈ మాత్ర వెనుక శాస్త్రజ్ఞుల పేర్లు కొన్ని కలవు. తమ రక్తమును పరీక్షకు ఇచ్చిన బొంబాయి తల్లుల పేర్లు మాత్రము చరిత్రలో లేవు. పాఠశాలలో మాత్రలు పంచుదినమున ఉపాధ్యాయులు ఈ కథను చెప్పినచో, విద్యార్థులు దానిని పారవేయుటకు ముందు ఒకసారి ఆలోచింపగలరు.