కౌంటరు వెనక నుంచి ఒక ప్రశ్న

తాతయ్య పోయాక ఆయన పింఛను మా నాయనమ్మకు వచ్చేది. ఏటా ఒకసారి ట్రెజరీ ఆఫీసుకు వెళ్లి, తాను బతికే ఉన్నానని కాగితం మీద సంతకం పెట్టి రావాలి. తోడుగా నేను వెళ్లేవాణ్ణి. మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఆ మనిషి ఉన్నట్టు కాగితం అడగడమేమిటో ఆ వయసులో నాకు నవ్వులాటగా ఉండేది. ఆవిడకు మాత్రం అది నవ్వులాట కాదు. ఆ రోజున పెట్టెలోని చీర తీసి కట్టుకుని, పెళ్లికి వెళుతున్నంత శ్రద్ధగా బయలుదేరేది.

చాలా ఏళ్ల తరవాత పోలండు దర్శకుడు క్షిష్తోఫ్ కీష్లోవ్‌స్కీ విద్యార్థిగా ఉండగా 1966లో తీసిన ‘ఆఫీసు’ అనే చిన్న చిత్రం చూశాను. నిడివి సుమారు ఆరు నిమిషాలు. చూస్తున్నంతసేపూ నాకు ఆ ట్రెజరీ వరండాయే కళ్లముందు మెదిలింది.

‘దెకలోగ్’, ‘త్రీ కలర్స్’ చూసిన మిత్రులకు కీష్లోవ్‌స్కీని పరిచయం చేయనక్కరలేదు. అయితే ఆ పెద్ద చిత్రాల వెనక ఒక బిడియస్తుడైన కుర్రవాడున్నాడు. 1941లో వార్సాలో పుట్టాడు. తండ్రి క్షయరోగి కావడంతో కుటుంబమంతా ఒక శానటోరియం నుంచి మరొక శానటోరియం ఉన్న ఊరికి తిరుగుతూ బతికింది. కుర్రవాడు అగ్నిమాపక శిక్షణ కళాశాలలో చేరి కొన్ని నెలలకే వదిలేశాడు. నాటకరంగ సాంకేతిక విద్య చదివాడు. వూచ్ నగరంలోని ఫిల్మ్ స్కూలు రెండుసార్లు కాదంది, మూడోసారి చేర్చుకుంది. (ఇంగ్లీషు అక్షరాల్లో చూసి మనం ‘లోడ్జ్’ అని చదువుకునే ఊరే ఈ వూచ్. ఆ మాటకు పడవ అని అర్థమట. ఊళ్లో చెప్పుకోదగ్గ నది లేకపోయినా!)

1948లో మొదలైన ఆ స్కూల్లో, బయట జనం చూడటానికి వీల్లేని విదేశీ చిత్రాలు కూడా విద్యార్థులకు చూపించేవారు. కీష్లోవ్‌స్కీ గురువుల్లో కజిమీర్ కరబాష్ ఒకరు. ట్రాము కార్మికుల బ్యాండు మేళం సాధన చేసుకోవడాన్ని ‘సంగీతకారులు’ (1960) అనే చిత్రంగా తీసినవాడాయన. వ్యాఖ్యానం జోలికి పోకుండా మనుషుల ముఖాలను ఓపికగా చూడటం ఆయన పద్ధతి.

శిష్యుడు ఆ ఓపికను పట్టుకెళ్లి ఒక పింఛను కార్యాలయపు కౌంటరు దగ్గర పెట్టాడు. ఇవతల ముసలివాళ్ల వరస, అవతల గుమాస్తా. ఏదో కాగితం తక్కువైంది, తీసుకుని మళ్లీ రమ్మంటారు. వినిపించే గొంతులు కనిపించే పెదవులతో కలవవు. ఇది పరికరాల లోటో, దర్శకుడి ఎంపికో వాదించుకోవచ్చు గాని, నా మటుకు అది చిత్రానికి కలిసొచ్చిందనే అంటాను. ఎవరి గొంతు ఎవరిదైనా ఒకటే అయిపోయిన చోటది. చివరికి బీరువాల నిండా దొంతరలుగా పేర్చిన దస్త్రాలు కనిపిస్తాయి. వాటి మీదుగా గుమాస్తా గొంతు అదే మాట మళ్లీ మళ్లీ అడుగుతుంది: జీవితమంతా ఏం చేశారో రాయండి.

ఆనాటి పోలండులో ఇది కవితాత్మకమైన ప్రశ్నేమీ కాదు. చదువుకైనా ఉద్యోగానికైనా స్వదస్తూరితో జీవిత వివరం రాసివ్వాలి. ఏ వర్గం నుంచి వచ్చావు, కార్మికుల బిడ్డవా, రైతుల బిడ్డవా అన్నది కూడా అందులో తేలాలి. అంటే నేనెవరినన్నది మనిషి తనలో తాను వేసుకునే ప్రశ్న కాకముందే, కౌంటరు వెనక నుంచి వచ్చే ప్రశ్న. ఇరవై అయిదేళ్ల విద్యార్థికి ఇది తెలిసినంత బాగా నాకు ఆ వయసులో తెలియలేదు.

ఆ ప్రశ్న ఆయనను వదల్లేదు. 1975లో ‘జీవిత వివరం’ అనే చిత్రం తీశాడు. పార్టీ క్రమశిక్షణ సంఘం ఒక సభ్యుణ్ణి కూర్చోబెట్టి అతని బతుకంతా విచారిస్తుంది. విచారించేవాళ్లు నిజమైన సంఘమే, ఆ బతుకు మాత్రం కల్పితం. 1979 నాటి ‘అమాతోర్’లో పుట్టిన బిడ్డను తీద్దామని కెమెరా కొనుక్కున్న కార్మికుడు, ఊరందరినీ తీసి, పోగొట్టుకోవలసినవన్నీ పోగొట్టుకున్నాక కెమెరాను తనవైపు తిప్పుకుంటాడు. 1980లో ‘మాట్లాడే తలలు’. ఏ యేడు పుట్టారు, మీరెవరు, మీకేం కావాలి? మూడే ప్రశ్నలు. పాలసీసా వదలని పసివాడితో మొదలై, జవాబిచ్చేవాళ్ల వయసు పెరుగుతూ పోయి, నూరేళ్ల అవ్వతో ముగుస్తుంది. ఆ అవ్వకు కావలసింది ఇంకొంత కాలం బతకడం.

నేను చదువుకునే రోజుల్లో మాకు అస్తిత్వం అనే అంశం మీద అయిదు నిమిషాల చిత్రం తీయమన్నారు. ఆ మూడు ప్రశ్నలనే నిస్సంకోచంగా ఎత్తుకొచ్చాను. తెల్లగోడ ముందు కుర్చీ వేసి, అరువు తెచ్చిన కెమెరా పెట్టి, గదిలో మిత్రులను అడిగాను. ఒకడు తాను గాలినన్నాడు, ఇంకొకడు తాను ప్రశ్ననన్నాడు. అప్పట్లో అవి నాకు గొప్పగా తోచాయి. సెలవులకు ఊరెళ్లి నాయనమ్మనూ కూర్చోబెట్టాను.

ఏ యేడు పుట్టావంటే, “పింఛను కాగితంలో ఏముందో అదే రాసుకో నాయనా” అంది.

“నువ్వెవరివి నాయనమ్మా?”

ఆవిడ కెమెరాను కాదు, నన్ను చూసింది. “అదేం ప్రశ్నరా? మీ నాన్న వాళ్లమ్మను.”

నాకది చాలలేదు. సరిగ్గా చెప్పమని మళ్లీ అడిగాను. నా గొంతులో ఏం విన్నదో గాని, సర్దుకుని కూర్చుంది. కొంగు భుజం మీదికి లాక్కుంది. ఇంటిపేరు చెప్పింది, తాతయ్య పేరు, ఆయన ఉద్యోగం చెప్పింది, ఆపైన పింఛను నంబరంతా ఒక్క అంకె తప్పకుండా అప్పజెప్పింది.

‘ఆఫీసు’ అప్పటికి నేను చూడలేదు. చూసి ఉంటే ఏ కుర్చీలో కూర్చున్నానో తెలిసేది.

కీష్లోవ్‌స్కీకి అది ‘స్టేషను’ తీస్తున్నప్పుడు తెలిసింది. అది కూడా 1980 నాటిదే. వార్సా సెంట్రల్ స్టేషన్లో రాత్రివేళ జనాన్ని చిత్రీకరించి స్టూడియోకు తిరిగి వచ్చేసరికి పోలీసులు కాచుకుని ఉన్నారు. తీసిన ఫిల్మంతా పట్టుకుపోయారు. తల్లిని చంపిన ఒక అమ్మాయి ఆ రాత్రే శవాన్ని పెట్టెల్లో కుక్కి స్టేషను లాకరులో దాచిందట. ఆమె ఫిల్ములో పడిందేమోనని వాళ్ల వెతుకులాట. పడలేదు, ఫిల్ము తిరిగొచ్చింది. కాని కెమెరాను కాస్త అటు తిప్పి ఉంటే తాను పోలీసుల మనిషి అయ్యేవాడినన్న సంగతి ఆయనను కుదిపేసింది. క్రమంగా డాక్యుమెంటరీలకు దూరమై కల్పిత కథల వైపే మళ్లాడు. 1996లో పోయేదాకా ఆ దారే.

నా చిత్రాన్ని కళాశాలలో ప్రదర్శించారు. కత్తిరింపులో నాన్న వాళ్లమ్మనన్న జవాబు తీసేశాను, మరీ ఇంటి మాటలా ఉందని. పింఛను నంబరు ఉంచాను. హాలంతా గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. టేపు కళాశాలది కనుక దాని మీద ఆ తరవాత ఇంకెవరో ఇంకేదో తీశారు.

చిత్రం ఉన్న సీడీ ఒకటి నా దగ్గర మిగిలింది. అందులో మా నాయనమ్మ అంకెలు మాత్రమే చెబుతుంది.