లాటిన్ విశేషణం 'సకెర్': రూపచరిత్ర, అర్థవిచారం

లాటిన్ విశేషణమైన 'సకెర్' పదానికి నిఘంటువులు 'పవిత్రమైన', 'శాపగ్రస్తమైన' అనే విరుద్ధార్థాలను ఇస్తున్నాయి. ఈ వైరుధ్యం పదానిదా, అనువాదానిదా అన్నది విచార్యం.

ప్రథమైకవచనంలో దీని పుంలింగరూపం 'సకెర్', స్త్రీలింగరూపం 'సక్ర', నపుంసకరూపం 'సక్రుమ్'. పుంలింగంలోని ఎకారం అర్వాచీనం. 1899లో రోమన్ ఫోరమ్‌లో బయల్పడిన ప్రాచీన శిలాశాసనంలో 'సక్రోస్' అనే రూపమే ఉంది. కాలక్రమంలో చివరి అచ్చు లోపించి, మిగిలిన హల్లుల కూడికను ఉచ్చరించడానికి ఎకారం చేరింది. గ్రీకు 'అగ్రోస్', సంస్కృత 'అజ్ర' శబ్దాలకు సజాతీయమైన 'అగెర్' (పొలం) పదంలోనూ జరిగిన మార్పు ఇదే.

అర్థనిర్ణయానికి ఆధారం వాక్యనిర్మాణం. ఈ విశేషణంతో దేవతానామం చతుర్థిలో గాని షష్ఠిలో గాని అన్వయిస్తుంది. అంటే ఇది గుణాన్ని కాక స్వామ్యాన్ని తెలుపుతుంది. క్రీ.పూ. 449 నాటి చట్టం గురించి లివీ చెబుతూ, ప్లెబియన్ల ట్రిబ్యూన్లకు హాని చేసినవాని తల జూపిటర్‌కు 'సకెర్' అవుతుందన్న అర్థంలో ఈ విశేషణాన్నే వాడాడు. అటువంటివాణ్ణి బలి ఇవ్వరాదనీ, చంపినవానికి మాత్రం హత్యానేరం ఉండదనీ ఫెస్టుస్ వివరణ. ఆలయమైనా, అపరాధి అయినా మానవాధికారం నుంచి తొలగి దేవతాధీనం కావడమే ఇక్కడి సమానధర్మం. ప్లౌటస్ నాటకాల్లో దీని అతిశయార్థకరూపం 'సకెర్రిముస్' తిట్టుగా మారడానికి మూలం ఈ రెండవ ప్రయోగమే.

కనుక వైరుధ్యం పదానిది కాదు. 'పవిత్రం' అన్న అనువాదం శుద్ధిని స్ఫురింపజేసి స్వామ్యాన్ని మరుగుపరుస్తుంది. 'దేవునికి చెందిన' అన్న తెలుగు మాట రెండు ప్రయోగాలకూ సరిపోతుంది.