కారులోని భద్రతా వ్యవస్థలు: ఉద్దానం దారుల్లో వాటి వాడకం

కారులోని భద్రతా ఏర్పాట్లు రెండు రకాలు. ప్రమాదం జరగకుండా చూసేవి కొన్ని, జరిగాక లోపలివాళ్లను కాపాడేవి కొన్ని. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, మలుపులో బండి పట్టుతప్పి పక్కకు జారిపోకుండా ఆపే ఈఎస్‌సీ మొదటి రకం. సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగు, దెబ్బను తనలో ఇముడ్చుకుని నలిగిపోయేలా తయారుచేసిన ముందు భాగం రెండో రకం. ఈ రెండో రకం ఏర్పాట్లన్నీ మనిషి బెల్టు పెట్టుకుని, సీట్లో సరిగ్గా కూర్చున్నాడన్న లెక్కమీదే తయారవుతాయి. బెల్టు తీసేస్తే ఆ లెక్కంతా తప్పుతుంది.

శ్రీకాకుళం జిల్లాలో ఈ వ్యవస్థలకు అసలు పరీక్ష జాతీయ రహదారి 16 మీద. ఒకప్పుడు 5వ నంబరుతో ఉన్న ఈ రోడ్డు రణస్థలం, నరసన్నపేట, టెక్కలి, పలాస, సుమ్మాదేవి పరిసరాల మీదుగా ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి పోతుంది. వెడల్పాటి రోడ్డు కదా అని కార్లు వంద మీద పోతుంటాయి. అదే రోడ్డు మీద చెన్నై, కోల్‌కతా లారీలుంటాయి, జీడిపిక్కల బస్తాలేసుకున్న ఆటోలుంటాయి, కిలోమీటరు చుట్టు తిరగడం ఎందుకని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ట్రాక్టర్లూ ఉంటాయి. హైవే దిగి ఉద్దానంలోకి, అంటే తీరం వెంబడి ఉన్న వజ్రపుకొత్తూరు, కవిటి వైపు వెళితే కొబ్బరి, జీడి తోటల మధ్య ఇరుకు దారులు. అంచుల్లో ఇసుక, రాత్రయితే రోడ్డుకు అడ్డొచ్చే పశువులు, ఒక్కోసారి ఎలుగుబంట్లు. ఈ రెండు రకాల దారులూ ఒకే కారును రెండు రకాలుగా పరీక్షిస్తాయి.

హైవే ప్రమాదం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కోటబొమ్మాళి మండలం నిమ్మాడకు చెందిన కేంద్ర మాజీ మంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు 2012 నవంబరు 2న ఈ రహదారి మీదే, రణస్థలం దగ్గర దండానపేట వద్ద తన కారు ఆయిల్ ట్యాంకరును ఢీకొనడంతో చనిపోయారు.

సీటు బెల్టు

ఇప్పుడు వాడుతున్న మూడు బిందువుల బెల్టును స్వీడన్‌లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందించాడు. బెల్టు నెమ్మదిగా లాగితే వస్తుంది, ఠక్కున లాగితే బిగుసుకుంటుంది. చుట్టలోని తాళం కుదుపును బట్టి పడుతుందన్నమాట. కొత్త కార్లలో దీనికి తోడు ప్రీటెన్షనర్ ఉంటుంది. ఢీకొన్న క్షణంలో కొద్దిపాటి పేలుడు మందు రగిలి, వదులుగా ఉన్న బెల్టును వెనక్కి గుంజి మనిషిని సీటుకు అదిమిపెడుతుంది. ఇది ఒక్కసారే పనిచేస్తుంది. ఆ తర్వాత బెల్టు మొత్తాన్ని మార్చాల్సిందే.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను గుద్దుకుంటే, బెల్టు లేని మనిషికి తగిలే దెబ్బ పది మీటర్ల కొబ్బరిచెట్టు మీంచి కింద పడ్డదానితో సమానం. వేగం వందకు పెరిగితే ఆ శక్తి నాలుగింతలవుతుంది. చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుని ఆపుకుంటామనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

బెల్టు కింది పట్టీ తొడల పైన, తుంటి ఎముకకు ఆనాలి. పొట్ట మీద ఉంటే లోపలి అవయవాలకు గాయమవుతుంది. గర్భిణులకు ఆ పట్టీ పొట్ట కిందుగా పోవాలి. పై పట్టీ భుజం మీంచి రొమ్ము మధ్యగా రావాలి, మెడను కోయకూడదు, చంక కిందికి జారకూడదు. సీటును పడకకుర్చీలా వెనక్కి వాల్చి నిద్రపోతే ఢీకొన్నప్పుడు మనిషి బెల్టు కిందనుంచి జారిపోతాడు. విశాఖపట్నం ఆసుపత్రికి తెల్లవారుజామున బయల్దేరే ట్రావెల్స్ కార్లలో, ముందు సీట్లో మామూలుగా కనబడే దృశ్యమిది.

ఇక వెనుక సీటు. బెల్టు పెట్టుకోకపోవడం వల్ల 2022లో దేశంలో 16,715 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో 8,384 మంది డ్రైవర్లు, మిగతా 8,331 మంది పక్కన, వెనుక కూర్చున్నవాళ్లు. అదే ఏడాది సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు ఆ కారులో ముందున్న ఇద్దరూ బతికారు, బెల్టు లేకుండా వెనుక కూర్చున్న ఇద్దరూ పోయారు. వెనుక ఉన్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే ముందు సీటువాడికీ ముప్పే, వెనుకనుంచి వచ్చి పడే బరువు అతని మీదే. తెలుగువాళ్లకు గుర్తున్న మరో ఉదంతం 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర జరిగింది. స్వయంగా కారు నడుపుతున్న నటుడు, రాజకీయ నాయకుడు నందమూరి హరికృష్ణ బయటికి ఎగిరిపడి చనిపోయారు. ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణ ప్రకారం బెల్టు లేకపోతే జరిమానా 1,000 రూపాయలు. జరిమానా సంగతి తెలిసీ చాలామంది చేసేది ఒకటుంది. బెల్టు నాలుకలాంటి ఇనుప ముక్కను, ఏదో కంపెనీ బొమ్మ వేసినదాన్ని, ఖాళీగా బకిల్‌లో దూర్చేస్తారు. బెల్టు పెట్టుకోమని మోగే బజర్ నోరు మూస్తుంది. మనిషి బెల్టు పెట్టుకున్నాడనే కారు నమ్ముతుంది. ఈ క్లిప్పులను అమ్మకం నుంచి తీసేయాలని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ అంగళ్లను ఆదేశించింది. బెల్టును ముందే బిగించి దాని మీద కూర్చోవడం ఇంకో తెలివి. చట్టాన్ని మోసం చేయడానికి ఇంత శ్రమపడేవాళ్లు బెల్టు పెట్టుకోవడానికి పట్టే రెండు క్షణాలు ఎందుకు దాచుకుంటారో అర్థం కాదు.

ఎయిర్‌బ్యాగు

డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి తప్పనిసరయింది. పక్క సీటుకు కొత్త మోడళ్లలో 2021 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్నవాటిలో ఆ ఏడాది చివరినుంచి వచ్చింది. ఎదురు దెబ్బను సెన్సర్లు పసిగట్టగానే నియంత్రణ పెట్టె మందును రగిలిస్తుంది, సెకనులో ముప్పయ్యో వంతులో సంచి నిండుతుంది, వెంటనే వెనుక రంధ్రాలగుండా గాలి వదిలేస్తుంది. తర్వాత కారులో కనబడే తెల్లటి పొగలాంటిది చాలావరకు పొడే, బండి అంటుకుందని హడలిపోనక్కర్లేదు.

అంత వేగంతో వచ్చే సంచికి ఎదురెళ్లే మనిషి దానికి దూరంగా ఉండాలి. రొమ్ముకూ స్టీరింగు నడిమికీ కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉంచాలి. స్టీరింగును గడియారంలో తొమ్మిది, మూడు అంకెల దగ్గర పట్టుకోవాలి. డ్యాష్‌బోర్డు మీద బ్యాగు తెరుచుకునే చోట దేవుడి బొమ్మ అతికిస్తే ఢీకొన్నప్పుడు అది నేరుగా ముఖం మీదికే వస్తుంది. పక్క ఎయిర్‌బ్యాగు సీట్లోనే ఉండే కార్లకు దాన్ని మూసేసే సీటు కవర్లు కుట్టించకూడదు.

బ్యాగు ఎందుకు తెరుచుకోలేదన్న ఫిర్యాదు తరచూ వింటుంటాం. వెనుకనుంచి దెబ్బ తగిలితే ముందు బ్యాగులు తెరుచుకోవు, తెరుచుకుని ఉపయోగమూ లేదు. చీకట్లో లైట్లు లేకుండా ఆగిన లారీ వెనుక భాగంలోకి కారు దూరిపోయినప్పుడు ఇంకో ఇబ్బంది. దెబ్బ బంపరు ఎత్తులో కాక అద్దం ఎత్తులో తగులుతుంది, సెన్సరుకు సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. బంపరుకు ముందు ఇనుప గార్డు బిగిస్తే నలగాల్సిన భాగం నలగదు, సెన్సరు లెక్కా మారుతుంది. కేంద్రం 2017 డిసెంబరులో ఈ గార్డులను తొలగించాలని రాష్ట్రాలకు రాసింది. అయినా మన హైవే పక్క దుకాణాల్లో వేలాడుతూనే ఉన్నాయి.

కార్లను ఢీకొట్టించి వాటి భద్రతను అంచనా వేసే భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు 2023 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. ముందునుంచి ఢీకొట్టించే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, మనిషి బొమ్మలకు బెల్టు కట్టి చేస్తారు. అయిదు నక్షత్రాలున్నాయని 120లో, బెల్టు లేకుండా పోతే ఆ నక్షత్రాలు వర్తించవు.

బ్రేకులు

కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, మిగతావాటికి 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. ముందు ఎద్దు అడ్డొచ్చింది, బ్రేకు బలంగా తొక్కారు, పెడలు కాలి కింద గడగడ కొట్టుకుంది, కరకరమని చప్పుడొచ్చింది. అప్పుడు బెదిరి కాలు తీయకూడదు. ఏబీఎస్ సెకనుకు చాలాసార్లు బ్రేకు పట్టి వదులుతున్న చప్పుడే అది. కాలు అలాగే అదిమి ఉంచి, ఖాళీ వైపు స్టీరింగు తిప్పాలి. పాతకాలపు డ్రైవర్లు నేర్పిన బ్రేకు కొట్టి వదలడం ఇక్కడ పనికిరాదు. ఉద్దానం లోపలి రోడ్ల మీద ఇసుక, కంకర ఉన్నచోట ఏబీఎస్ ఉన్న కారు ఇంకా దూరం పోయి ఆగవచ్చు, కాబట్టి అక్కడ వేగమే తగ్గించుకోవాలి. ఇసుకలో చక్రం దిగబడితే, చక్రం జారకుండా దాని శక్తిని తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపే మీట నొక్కడం ఉపయోగం, రోడ్డెక్కగానే మళ్లీ ఆన్ చేయాలి.

పిల్లలు

పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో ఉండాలని 2019 సవరణ చెబుతోంది. ఒళ్లో కూర్చోబెట్టుకున్న బిడ్డను ఢీకొన్న క్షణంలో ఏ తల్లి చేతులూ ఆపలేవు. ముందు ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న సీట్లో వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు ఎప్పుడూ పెట్టకూడదు.

పాత కారు కొనేటప్పుడు

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు ఎరుపు దీపం వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. వెలిగే ఉంటే లోపముంది. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని కనబడకుండా చేశారని అనుమానించాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తుపాన్లొచ్చే ఈ తీరంలో నీట మునిగిన కారు కొనేటప్పుడు ఈ దీపాన్ని మరింత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే నియంత్రణ పెట్టె చాలా కార్లలో గేరు దగ్గర కిందే ఉంటుంది. జపాన్‌కు చెందిన తకాటా సంస్థ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమ్మోనియం నైట్రేటు వేడి, తేమలకు ఏళ్ల తరబడి చెడి, ఇనుప ముక్కలను విసిరే ప్రమాదం ఉండడంతో ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిచి మార్చారు. మనలాంటి ఉక్కపోత తీరాల్లో ఆ ముప్పు ఎక్కువ. కారు చాసిస్ నంబరును తయారీదారు వెబ్‌సైట్‌లో వేస్తే ఆ కారు వెనక్కి పిలిచినవాటిలో ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే విడిభాగం ఉచితంగా మారుస్తారు.