ఎంటర్ నొక్కాక

2021 అక్టోబర్ 4, సోమవారం. రాత్రి తొమ్మిది దాటి పది నిమిషాలు. ఎల్లుండి ఎంగిలిపూల బతుకమ్మ. నర్సాపూర్ నుంచి మెదక్ పోయే రోడ్డు మీది కౌడిపల్లిలోనే కాదు, తెలంగాణ అంతటా వాట్సాప్ గ్రూపులు సందడిగా ఉండాల్సిన వేళ. పంపిన మెసేజీ పక్కన గడియారం గుర్తు పడింది, పడింది పడ్డట్టే ఉండిపోయింది. జనం ఫోను ఆపి మళ్లీ వేశారు. సిగ్నల్‌ను తిట్టారు, సిమ్‌ను తిట్టారు. పాపం, వాటి తప్పేమీ లేదు.

అసలు సంగతి మర్నాడు వాట్సాప్ యజమాని ఫేస్‌బుక్ సంస్థ మౌలిక వసతుల విభాగం అధిపతి సంతోష్ జనార్దన్ రాసిన వివరణతో బయటపడింది. రోజువారీ నిర్వహణ పనిలో భాగంగా, తమ డేటా సెంటర్లను కలిపే ప్రధాన నెట్‌వర్క్‌లో సామర్థ్యం ఎంతుందో చూద్దామని ఒక కమాండు ఇచ్చారు. అది చూడటంతో ఆగలేదు. ఆ నెట్‌వర్క్‌లోని లింకులన్నీ తెగిపోయాయి. ఇలాంటి కమాండును పసిగట్టి ఆపాల్సిన తనిఖీ ప్రోగ్రామ్ ఉంది కానీ, దానిలోనే లోపం ఉంది.

ఇలాంటి కమాండులు కొట్టే కమాండ్ లైన్ స్వభావమే అంత. బొమ్మలుండవు, బటన్లుండవు. మండలాఫీసులో గోడకు బిగించిన చిన్న నెట్‌వర్క్ స్విచ్ దగ్గరా అదే వరస. ల్యాప్‌టాప్‌కు కన్సోల్ కేబుల్ పెట్టి, ‘ఎనేబుల్’ కొట్టి, ‘కాన్ఫిగర్ టెర్మినల్’ అన్నాక ఏది కొడితే అది అప్పటికప్పుడు అమలు. సిస్కో స్విచ్‌లో, పలు వీలాన్‌లను (విడివిడి నెట్‌వర్క్‌లను) మోసే ట్రంక్ పోర్టుకు కొత్త వీలాన్ చేర్చాలంటే ‘ఎలౌడ్ వీలాన్’ తర్వాత ‘యాడ్’ ఉండాలి. అది మరిచారా, పాత జాబితా మొత్తం పోయి కొత్తదొక్కటే మిగులుతుంది. ‘నిజంగానే చేయమంటారా?’ అని స్విచ్ అడగదు. దూరం నుంచి ఆ పని చేస్తుంటే దిద్దుకునే దారీ తెగిపోవచ్చు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే.

ఫేస్‌బుక్‌కు పట్టిన గతీ అదే. డేటా సెంటర్లతో మాట కలవకపోయేసరికి, ‘మా చిరునామా ఇది’ అని ప్రపంచానికి చెప్పే డీఎన్ఎస్ సర్వర్లు తమ దారుల ప్రకటనలను తామే వెనక్కి తీసుకున్నాయి. అవి చెడిపోలేదు, డేటా సెంటర్లతో సంబంధం తెగినప్పుడు అలాగే తప్పుకోవాలని నేర్పారు కాబట్టి తప్పుకున్నాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఇంటర్నెట్‌లో అడ్రసు లేకుండా పోయాయి. ఆపదలో వాడుకోవాల్సిన వేరే నెట్‌వర్క్ కూడా పడిపోయింది. లోపలి పరికరాలూ పనిచేయలేదు. సిబ్బంది బ్యాడ్జీలకు తలుపులు తెరుచుకోలేదని పత్రికలు రాశాయి.

ఇక మిగిలింది మనుషులు నేరుగా పెట్టె దగ్గరికి పోవడమే. ఇంజినీర్లను డేటా సెంటర్లకు పంపారు. దొంగలు రాకుండా కట్టిన కట్టడాలవి, సొంతవాళ్లకూ అంత తేలిగ్గా లొంగలేదు. లోపలికి వెళ్లినా రూటర్లను మార్చడం కష్టమయ్యేలా డిజైన్ చేశారు. లింకులు కలిశాక మరో గండం. ఒక్కో డేటా సెంటర్‌లో పదుల మెగావాట్ల కరెంటు వాడకం పడిపోయింది, అదంతా ఒక్కసారి తిరిగొస్తే విద్యుత్ వ్యవస్థలే దెబ్బతినొచ్చు. అందుకే మెల్లమెల్లగా తెరుచుకుంటూ వచ్చారు. దాదాపు ఆరు గంటల తర్వాత, మనకు తెల్లవారుజాము కావస్తుండగా, సేవలు తిరిగి మొదలయ్యాయి.

అంత భద్రత వల్ల ఆలస్యమైనా ఆ బేరం తమకు సమ్మతమేనని జనార్దన్ రాశారు. అంత పెద్ద సంస్థకు అది సరిపోతుందేమో. స్విచ్ ఒక ఊళ్లో, దాన్ని చూసుకునే మనిషి జిల్లా కేంద్రంలో ఉన్నచోట నాకు నచ్చే ఉపాయం వేరే. సిస్కో స్విచ్‌లో మార్పు చేసే ముందు ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టి పెట్టుకోవాలి. కనెక్షన్ తెగిందా, పది నిమిషాలకు స్విచ్ తానే రీస్టార్ట్ అయి, సేవ్ చేసి ఉన్న పాత అమరికతో లేస్తుంది. జూనిపర్ పరికరాల్లో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ రీస్టార్ట్ లేకుండానే ఇలాంటి పని చేస్తుంది. సిస్కోలో అంతా సవ్యంగా ఉంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టి, ఆ తర్వాతే సేవ్ చేయాలి. తొందరపడి ముందే సేవ్ చేస్తే, రీస్టార్ట్ అయిన స్విచ్ ఆ తప్పుతోనే లేస్తుంది. అప్పుడిక కన్సోల్ కేబుల్ సంచిలో వేసుకుని బస్సెక్కాల్సిందే.